రోజులు లెక్కపెట్టిన విద్వాంసుడు అల్ బీరూనీ

రాజవొమ్మంగి పేరు వినగానే అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన దళం వరుసగా దాడి చేసింది. మన్యం చరిత్రలో మరువరాని రోజులవి. రాజవొమ్మంగి దాడి జరిగిన తేదీని హిజ్రీ శకంలోకి మార్చి చూడండి. పట్టిక ప్రకారం సరిగ్గా 1341 మొహర్రం 1 వస్తుంది. అంటే హిజ్రీ నూతన సంవత్సరం తొలి రోజు.

ఈ మార్పిడి ఎలా చేస్తారు? 1922 లోంచి 622 తీసేస్తే 1300 మిగులుతుంది. కాని అప్పటికి హిజ్రీలో 1340 ఏళ్లు నిండాయి. చాంద్రమాన సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కనుక ఈ 40 ఏళ్ల తేడా. ఏడు లోంచి ఏడు తీసేస్తే లెక్క కుదరదు. రోజులు లెక్కపెట్టాలి. హిజ్రీ శకం మొదటి రోజు, పాత రోమన్ క్యాలెండరు ప్రకారం 622 జూలై 16 శుక్రవారం. అక్కడి నుంచి రాజవొమ్మంగి దాడి రోజుకు 4,74,851 రోజులు గడిచాయి. 30 చాంద్రమాన సంవత్సరాలకు 10,631 రోజుల చొప్పున భాగిస్తే 1340 ఏళ్లు నిండి, శేషం సున్నా వస్తుంది.

నేటి కంప్యూటరు ప్రోగ్రాములూ ఇదే చేస్తాయి. ఒక మొదటి రోజును నిర్ణయించుకుంటాయి. చాలా కంప్యూటర్లకు అది 1970 జనవరి 1. ప్రతి తేదీనీ అక్కడి నుంచి గడిచిన కాలంగా, ఒకే ఒక్క సంఖ్యగా మార్చుకుంటాయి. రెండు తేదీల మధ్య వ్యవధి కావాలంటే ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే చాలు. ఏ శకంలో కావాలంటే ఆ శకంలో తిరిగి చూపించవచ్చు. ఈ విద్యను వెయ్యేళ్ల క్రితమే అనేక జాతుల క్యాలెండర్లకు వర్తింపజేసి, గ్రంథస్థం చేసిన మహనీయుడు అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్నె అహ్మద్ అల్ బీరూనీ.

ఆయన హిజ్రీ 362 జుల్ హజ్ మాసంలో, అంటే 973 సెప్టెంబరులో, మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ ప్రాంతంలో కాథ్ పట్టణం వద్ద జన్మించారు. రాజవంశానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువు. పదిహేడేళ్ల ప్రాయంలోనే మధ్యాహ్న సూర్యుని ఎత్తును బట్టి తన ఊరి అక్షాంశం కనుక్కున్నారు. 995లో ఖ్వారిజ్మ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. యువ బీరూనీ ప్రాణాలు అరచేత పట్టుకుని స్వస్థలం విడిచి వెళ్లవలసి వచ్చింది.

ఇక్కట్లు ఆయన పరిశోధనను ఆపలేదు. 997 మే 24న చంద్రగ్రహణం ఏర్పడింది. ముందే చేసుకున్న ఏర్పాటు ప్రకారం బీరూనీ కాథ్‌లోను, అబుల్ వఫా బాగ్దాదులోను దానిని పరిశీలించారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది. స్థానిక సమయాలు మాత్రం వేరు. రెండు ఊళ్ల సమయాల తేడా సుమారు గంట అని తేలింది. దాంతో వాటి మధ్య రేఖాంశాల దూరం తెలిసింది.

సుమారు 1000లో గుర్గాన్ పాలకుడు కాబూస్ కొలువులో ఉండగా ఆయన ఆసారుల్ బాఖియా అనే గ్రంథం రచించారు. అసలు రోజు అంటే ఏమిటన్న ప్రశ్నతో అది మొదలవుతుంది. అరబ్బులకు రోజు సూర్యాస్తమయంతో ఆరంభం. మరికొందరికి సూర్యోదయంతో. ఈ ఒక్క తేడా వల్లే తేదీ ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఆ తర్వాత పారశీకుల, యూదుల, క్రైస్తవుల, అరబ్బుల మాసాలను, సంవత్సరాలను, శకాలను వివరించి, ఒకదానినుంచి మరొక దానికి మార్చుకునే విధానం చూపారు.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి పండితులను గజ్నీకి తరలించాడు. వారిలో బీరూనీ ఒకరు. ఆ నిర్బంధ జీవితాన్నీ ఆయన విద్యకే వినియోగించారు. పంజాబు ప్రాంతంలో సంచరించారు. సంస్కృతం నేర్చుకున్నారు. నందన కోట వద్ద కొండ ఎత్తును బట్టి భూమి పరిమాణం లెక్కగట్టారు. హిందూదేశాన్ని గురించి 1030లో పూర్తిచేసిన గ్రంథంలో భారతీయుల అహర్గణాన్ని, అంటే శకారంభం నుంచి గడిచిన రోజుల మొత్తాన్ని, విపులంగా చర్చించారు. పారశీక యజ్దజర్ద్ శకం 400వ సంవత్సరాన్ని కొలబద్దగా తీసుకుని, అది విక్రమ శకం 1088కి, మన పంచాంగాల్లోని శక సంవత్సరం 953కి సరిపోతుందని చూపారు. పరాయివారి లెక్కను హేళన చేయకుండా, వారి భాషలో వారి వద్దే నేర్చుకుని రాసిన తీరు నేటికీ ఆదర్శం.

నమాజు వేళలు తెలిపే ఒక పరికరంపై రోమనుల మాసాలు చెక్కి ఉన్నందున ఒక భక్తుడు దానిని మసీదులోకి రానివ్వలేదని ఆయన రాశారు. రోమనులు అన్నం తింటారు కనుక మనం తినడం మానేస్తామా అన్నది బీరూనీ వాదన. సూర్యుని నడకతో ముడిపడిన వేళలకు సూర్యమాన మాసాలే వీలు. ఏ పనికి ఏ లెక్క సరిపోతుందో దానినే వాడాలి.

ఇది మన ఇళ్లకూ వర్తించే పాఠం. జకాత్‌కు గడువు ఒక చాంద్రమాన సంవత్సరం. దానిని జనవరి నుంచి జనవరికి లెక్కిస్తే ఏటా సుమారు 11 రోజులు ఆలస్యం అవుతుంది. సుమారు 32 ఇంగ్లీషు సంవత్సరాలకు 33 హిజ్రీ సంవత్సరాలు గడుస్తాయి. ఆ ఇంట్లో ఒక ఏడాది జకాత్, ఎవరికీ దురుద్దేశం లేకుండానే, పేదలకు చేరకుండా పోతుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు కంప్యూటరులో జకాత్ లెక్క తయారుచేస్తుంటే ఈ సంగతి గుర్తుచేయండి. అలాగే పట్టిక వేరు, నెలవంక వేరు. పట్టిక సగటు లెక్క మాత్రమే. రాజవొమ్మంగి తేదీకి మొహర్రం 1 అన్నదీ పట్టిక మాటే. చంద్రదర్శనాన్ని బట్టి అది ఒక రోజు మారవచ్చు.

బీరూనీ చివరి ఘడియల్లో తనను చూడవచ్చిన ధర్మవేత్తను వారసత్వ వాటాలకు సంబంధించిన ఒక సమస్య అడిగారని, ఈ స్థితిలోనా అని ఆయన ఆశ్చర్యపోతే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నారని చెబుతారు. సమాధానం విని ధర్మవేత్త వీధిలోకి వచ్చేసరికి ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయట.

ఆయన హిజ్రీ 440లో, అంటే 1048లో, గజ్నీలో కన్నుమూశారని ఒక లెక్క. అప్పటికి ఆయన వయసు చాంద్రమానం ప్రకారం 77, ఇంగ్లీషు లెక్కలో 75. కాని తనకు ఎనభై దాటాయని ఔషధ గ్రంథంలో ఆయనే రాసుకున్నారు కనుక మరణం మరికొన్నేళ్ల తర్వాతేనని మరికొందరు పండితులు అంటారు. జాతుల తేదీలన్నీ సరిచూసిన మనిషి చివరి తేదీ ఇంకా తేలలేదు. ఆయన నేర్పిన లెక్క మాత్రం నేటికీ మన చేతిలోనే ఉంది.