తలాంతు ఆగిన చోట పిలుపు: జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితము



మన సంఘములలో మంచి గొంతు ఉన్న బిడ్డను క్వయర్‌లో పాడమంటాము. లెక్కలు తెలిసిన సహోదరునికి కోశాధికారి పని అప్పగిస్తాము. నలుగురిలో మాట్లాడగలిగినవారిని సెక్రటరీగా ఎన్నుకుంటాము. ఇందులో తప్పేమీ లేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయములో తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుణ్ణి యజమానుడు గద్దించాడు గదా. అయితే నాకు ఏది చేతనవుతుందో అదే నా పిలుపు అని తీర్మానించుకోవడం వేరే సంగతి. చేతనైన పనికీ దేవుడు పిలిచిన పనికీ మధ్య ఎంత దూరం ఉండగలదో, ఆ రెండూ చివరకు ఎక్కడ కలుసుకుంటాయో క్లౌ దొరగారి జీవితములో స్పష్టంగా కనబడుతుంది.

ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుటుంబం పడమటి ప్రాంతాలకు తరలిపోయింది. పిల్లవాడు బీదతనంలోనే పెరిగాడు. ఇరవై ఏండ్లు నిండకముందే మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి పనిచేశాడు. గొలుసు పట్టడం, భూమి కొలవడం, కూలీలను నడిపించడం, ఎండకు చలికి ఓర్చుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. తరువాత అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చదువుకు చేరాడు. లాయరు కావాలన్నది ఆయన ఆశ. తెలివి, ధైర్యం, పదిమందిని ఒప్పించే మాట, ఇవన్నీ ఆ వృత్తికి తగినవే.

దేవుని సంగతి ఆయనకు అక్కరలేదు. ఒకే గదిలో ఉండే విద్యార్థి భక్తిపరుడై ప్రార్థనకు రమ్మంటే, క్లౌ సుద్దముక్కతో గది మధ్య గీత గీసి, ప్రార్థన ఆ గీతకు అవతలే ఉండాలని చెప్పాడట. కొలతలు వేసి హద్దులు గీయడం తెలిసిన మనిషి గదా! కాని ఆ హద్దు నిలవలేదు. కొంతకాలానికే ఆయన మారుమనస్సు పొంది బాప్తిస్మము తీసుకున్నారు. లాయరు చదువు మీద ఆశ వదిలి, క్రైస్తవ పుస్తకాలు అమ్ముతూ ఊరూరా తిరిగారు. చివరకు మిషనరీగా వెళ్లడానికి తన్ను అప్పగించుకున్నారు.

ఆ రోజులలో నెల్లూరులోని తెలుగు మిషను ఒంటరి నక్షత్రమనే పేరుతో పిలువబడేది. ఏండ్ల తరబడి కష్టపడినా విశ్వాసుల సంఖ్య చాలా కొద్దిగానే ఉండటంతో, దాన్ని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలోని పెద్దలకు ఒకటికంటే ఎక్కువసార్లు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించి, ఆ ప్రాంతానికి ఒక పనివానిని పంపమని దేవుణ్ణి అడిగారు. సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు మిషను మూయవద్దని వేడుకున్నవారు కూడా జూయెట్ గారే. తరువాత 1878లో ఆయన మద్రాసుకు వచ్చి మన పట్నంలో తెలుగు పరిచర్య చేశారు. ఆయన వెంట క్లౌ దంపతులు 1865లో ఇండియా చేరారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది.

క్లౌ గారి శక్తిసామర్థ్యాలున్న మనిషి ఒంగోలులో ఏమి చేయాలి? లోకరీతిగా జవాబు సులువే. మంచి బడి పెట్టాలి, పై కులాల పిల్లలను చేర్చుకోవాలి, ఊరి పెద్దల స్నేహం సంపాదించాలి. వారు మారితే క్రిందివారు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆయన అలాగే మొదలుపెట్టారు. బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చారు, పెద్దలు కూడా మర్యాదగా వచ్చి కూర్చునేవారు.

ఇంతలో దేవుడు వేరొక తలుపు తెరిచాడు. తాళ్లకొండపాడులో ఉండే యర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, ముందునుంచి ఆత్మ సంబంధమైన సంగతులు వెదకినవాడు. ఆయన ప్రభువును నమ్మి, తన బంధువుల మధ్య ఊరూరా తిరిగి సాక్ష్యమిచ్చాడు. 1867 జనవరిలో క్లౌ గారు ఆ ప్రాంతానికి వెళ్లినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందారు. మాదిగలు గుంపుగా రావడం మొదలైంది. ఆ తొలిరోజులలోనే ఒంగోలు పెద్దలు క్లౌ గారికి తమ మాట తేల్చి చెప్పారు. వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలూ రారు, ఇదీ దాని సారాంశం.

ఇది చిన్న చిక్కు కాదు. ఆయన నేర్పరితనం బడివైపు చూపుతోంది. వచ్చినవారిని త్రోసివేయలేని మనస్సాక్షి మరోవైపు లాగుతోంది. ఆ రాత్రి ఆయన ఒక గదిలో వేదన పడుతూ బైబిలు తెరిచారు. కంటబడినది మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక 1వ అధ్యాయములో 26వ వచనం మొదలుకొని ఉన్న భాగం. జ్ఞానులు, ఘనులు కాక లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని అపొస్తలుడు బోధించే చోటు అది. దొరసాని హ్యారియెట్ గారు కూడా వేరొక గదిలో బైబిలు తెరిచి అదే భాగం చదివారు. తరువాత ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు ఆశ్చర్యపోయారు. ఇంక సందేహం లేదు. మాదిగలను చేర్చుకున్నారు. బడి నుంచి పై కులాలవారు వెళ్లిపోయారు. తన తెలివికి తగినదని ఆయన అనుకున్న పని కళ్లముందే ఖాళీ అయింది.

మరి దేవుడిచ్చిన ఆ నేర్పు వృథా అయిందా? లేదు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా భయంకరమైన కరువు వచ్చింది. లక్షలాది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించింది. చెన్నపట్నంలో కూవం, అడయారు నదులను కలిపే భాగం కూడా ఆ కరువు పనులలో త్రవ్వినదే. ఈనాడు మన ఎలక్ట్రిక్ రైలు స్తంభాలు నిలిచి ఉన్నది ఆ కాలువలోనే. ఒంగోలు వైపు మూడున్నర మైళ్ల పని క్లౌ గారు కంట్రాక్టుకు తీసుకున్నారు. ఇతరచోట్ల ఈసడింపబడిన మాదిగలకు ఇక్కడ కూలి దొరికింది, మర్యాద దొరికింది. వేలమంది బ్రదికారు. ఆయన బోధకులు మేస్త్రీలుగా నిలబడి, అలసినవారు కూర్చున్న వేళ క్రీస్తును గూర్చి చెప్పారు. మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టి నేర్చుకున్న విద్య ఇరవై ఏండ్ల తరువాత అక్కరకు వచ్చింది. అయితే అది పిలుపు వెనుక నడిచే సేవకునిగా వచ్చింది.

ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. కరువు రోజులలో వేలమంది బాప్తిస్మము అడిగారు. కావాలనుకుంటే ఆయన ఎంతో పెద్ద లెక్క అమెరికాకు వ్రాసి పంపగలిగేవారు. కాని అన్నం కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని, పదిహేను నెలలపాటు బాప్తిస్మములు ఆపివేశారు. సహాయం ముగిసి, ఇక డబ్బు లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావాలని నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ ఏడాది మొత్తం మీద తొమ్మిది వేలకు పైగా చేర్చబడ్డారు. జూలై 3న నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. క్లౌ గారు ఆ రోజు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు, అంతా క్రమంగా జరిగేలా చూసుకున్నారు. ఆయన 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది.

ప్రియులారా, మనలో అనేకుల పెద్దలు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి కూలికోసం, ఉద్యోగం కోసం ఈ పట్నం చేరినవారే. వారి తాతలను సంఘములో చేర్చుకోవడం కోసం ఒక మనిషి తన నేర్పుకు తగిన పనిని పోగొట్టుకున్నాడని మరువరాదు. ఆయన పిలుపును ఎలా గుర్తించారు? తనకు ఏది బాగా వచ్చునో లెక్కవేసుకుని కాదు. గుమ్మంలో నిలబడిన మనుష్యులను చూచి, వాక్యము తెరిచి, జీవిత భాగస్వామితో కలిసి ఆలోచించి, రాబోయే నష్టానికి సిద్ధపడి గుర్తించారు.

ఈ వరుస మనకూ పనికివస్తుంది. ఉద్యోగంలో పైకి వచ్చిన సహోదరుణ్ణి దేవుడు ఆసుపత్రిలో రోగుల ప్రక్కన కూర్చోమని పిలువవచ్చు. మాట తడబడే సహోదరిని సండే స్కూలుకు పిలువవచ్చు. డీకన్ల ఎన్నిక వచ్చినప్పుడు డిగ్రీని, జీతాన్ని చూచే ముందు, ఎవరిని దేవుడు ఏ భారంతో నింపాడో కనిపెట్టుదాము. మన తలాంతు ఏనాడు అక్కరకు వస్తుందో ఆయనకు తెలుసు. అంతవరకు అది ఆయన చేతిలో భద్రంగా ఉంటుంది.

మన నేర్పుకంటె ఆయన పిలుపునే ముందు వెదకే కృప ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.