ఆఫీసు కుర్చీ నుంచి ప్రొఫెసర్ పీఠానికి

సస్కటూన్: డ్యూటీ చేసుకుంటూ పెద్ద చదువులు చదవగలమా అని సందేహించే మనోళ్లు మేబెల్ టిమ్లిన్ గురించి తెలుసుకోవాలి. 1891లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టిన ఆమె, 1917లో టీచరుగా సస్కచ్వాన్ వలస వచ్చారు. సస్కటూన్‌లోని యూనివర్సిటీలో సెక్రటరీగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే 1929లో డిగ్రీ పూర్తి చేశారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అందుకునేసరికి 1940 వచ్చింది. అప్పటికి వయసు యాభైకి దగ్గర పడింది! ఆ పరిశోధనే 1942లో 'కీన్సియన్ ఎకనామిక్స్' పుస్తకమైంది. 1950లో ఫుల్ ప్రొఫెసర్ అయ్యారు. కెనడాకు ఇంకా జనం కావాలా? ఈ ప్రశ్న మీద 1951లో ఏకంగా పుస్తకమే రాశారు. వలసలతో జనాభా పెరిగితే తలసరి ఆదాయమూ పెరిగే వీలుందని అందులో తేల్చారు. 1976లో కన్నుమూశారు. వలస వచ్చిన మనిషి దేశానికి బరువు కాదని లెక్క తేల్చింది, అలా వచ్చిన ఓ టీచరమ్మే.