రెజాంగ్ లా వీరుడు

లడఖు ప్రాంతమున చుషూలు అను మైదానము కలదు. అచ్చట చెట్టు నీడ యనునది లేదు. ఎటు చూచినను బోడికొండలు. ఏడాదిలో అధికభాగము చలిగాలి హోరు. ఆ మైదానములో ఒక స్మారకము నిలిచియున్నది. 1962వ సంవత్సరము నవంబరు 18వ తేదీన సమీపమునగల రెజాంగ్ లా కనుమయొద్ద ప్రాణములర్పించిన 114 మంది సైనికుల జ్ఞాపకార్థము అది నిర్మింపబడినది. వారి నాయకుడు మేజర్ షైతాన్ సింగు.

షైతాన్ సింగు 1924వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన రాజస్థానమునందలి జోధపురము మండలములో బాణాసర్ అను గ్రామమున జన్మించెను. షైతాన్ అనగా దయ్యము. అట్టి పేరు వింతగా తోచవచ్చును గాని, బిడ్డలను పెంటయ్య, పుల్లయ్య అని పిలుచుకొను తెలుగువారికి అది అంత వింత కాదు. తండ్రి హేమసింగు మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు దేశమునందు పోరాడిన సైనికాధికారి. బాలుడు జోధపురమున విద్యనభ్యసించెను. బడిలో అతనికి పేరు తెచ్చినది పాఠములకంటె కాలిబంతి ఆట. 1947లో పట్టభద్రుడై, జోధపురపు సంస్థాన సైన్యమున చేరెను. సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట కుమావూన్ రెజిమెంటునకు మార్పబడెను. నాగా కొండలలోను, 1961లో గోవా విమోచన సమయమునను పనిచేసి, 1962 జూనులో మేజరు పదవి నందెను.

ఆ సంవత్సరమే చైనాతో యుద్ధము వచ్చెను. చుషూలునందు ఒక విమానాశ్రయము కలదు. దానిని కాపాడుట అత్యవసరము. అందులకై 13వ కుమావూన్ పటాలమునందలి ఒక కంపెనీని రెజాంగ్ లా కనుమపై నిలిపిరి. ఆ కంపెనీలో సుమారు 120 మంది జవానులు, షైతాన్ సింగు వారి అధిపతి. జవానులు ఇంచుమించుగా అందరును నేటి హర్యానా రాష్ట్రమునకు చెందిన రేవాడీ, మహేంద్రగఢ్ మున్నగు ప్రాంతముల అహీరులు. మైదానములలో పొలము దున్నుకొను కుటుంబములవారు. కనుమ యెత్తు 16,000 అడుగులకు పైమాట. అచ్చట నాలుగడుగులు వేసినచో ఊపిరి అందదు. చేతనున్నవి ప్రతి గుండునకును బోల్టు లాగవలసిన పాత తుపాకులు. వెనుక భారత ఫిరంగులు ఉండినను, నడుమ కొండ అడ్డమగుటచే వాని సాయము వారికి అందలేదు. ఈ సంగతి షైతాన్ సింగునకు ముందే తెలియును.

నవంబరు 18వ తేదీ తెల్లవారకముందే శత్రువులు లోయల వెంబడి పైకెక్కిరి. జవానులు వారిని దగ్గరకు రానిచ్చి కాల్చిరి. మొదటి దాడి విఫలమయ్యెను. తరువాత ఫిరంగి గుండ్లు వర్షమువలె కురిసెను. వెనుకనుండియు దాడి జరిగెను. షైతాన్ సింగు ఒక చోట కూర్చుండలేదు. గుండ్లకు ఎదురుగా, మరుగులేని చోట్ల, ఒక స్థావరమునుండి మరియొక స్థావరమునకు పోవుచు, సైనికులకు ధైర్యము చెప్పుచుండెను. చేతికిని పొట్టకును గాయములు తగిలెను. ఇద్దరు జవానులు ఆయనను మోసికొనిపోజూచిరి. తనను మోయుచున్నంతవరకు వారును గురియగుదురని గ్రహించి, తన్ను ఒక బండచాటున విడిచి పొమ్మని ఆయన ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞను పాటించుట వారికెంత కష్టమయ్యెనో ఊహించుకొనవలసినదే.

బ్రతికి వచ్చినవారు కొలదిమంది. చివరి గుండువరకు కంపెనీ పోరాడెనని వారు చెప్పగా అనేకులు నమ్మలేదు. యుద్ధమాగిన పిమ్మట మంచు ఆ కొండను కప్పివేసెను. 1963 ఫిబ్రవరిలో ఒక గొఱ్ఱెలకాపరి అటు పోయి, ఆ దృశ్యమును చూచి వార్త తెచ్చెను. సైనికులు వెళ్లి చూడగా, జవానులు తమ కందకములయందే, తుపాకులు చేతబట్టినవారు పట్టినట్లే గడ్డకట్టి యుండిరి. గాయపడినవారికి చికిత్స చేయు సేవకుని చేతిలో కట్టుగుడ్డయు సూదియు ఉండెను. షైతాన్ సింగు బండకు చేరగిలబడియే యుండెను. బ్రతికి వచ్చినవారి మాట అక్షరాల నిజమని తేలెను.

ఆయన దేహమును విమానమున జోధపురమునకు తెచ్చి సైనికమర్యాదలతో దహనము చేసిరి. ప్రభుత్వము మరణానంతరము పరమవీరచక్ర నొసగెను. తక్కిన జవానులలో అనేకులకు చుషూలునందే అంత్యక్రియలు జరిగెను. అచ్చటనే స్మారకము వెలసినది. వారి స్వగ్రామములున్న రేవాడీయందును ఒక స్మారకము కలదు.

కాలక్రమమున చుషూలు స్మారకమును విస్తరించి నూతనముగ తీర్చిదిద్దిరి. 2021 నవంబరు 18వ తేదీన రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగు దానిని ప్రారంభించెను. నాడు ఆ పటాలమున పనిచేసిన ఒక వృద్ధ సైనికాధికారియు వచ్చియుండెను. నడువలేని ఆయనను చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి, మంత్రి స్వయముగా ఆ కుర్చీని త్రోయుచు స్మారకము దగ్గరకు తీసికొనిపోయెను.