రుడాల్ఫ్ డీజిల్

బరువులు మోసే పికప్ ట్రక్కును నడిపించే యంత్రాన్ని డీజిల్ ఇంజను అంటారు. ఆ మాట చమురు పేరని పలువురు తలపోస్తారు. నిజానికది ఒక మనిషి పేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జర్మన్ దంపతులకు జన్మించాడు. తండ్రి తోలు వస్తువులు చేసే వృత్తికారుడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం చెలరేగగా ఆ కుటుంబం లండన్‌కు తరలిపోయింది. పన్నెండేళ్ల బాలుణ్ణి చదువు నిమిత్తం ఆగ్స్‌బర్గ్‌లో గణితోపాధ్యాయుడైన బంధువు ఇంటికి పంపారు.

మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే ఆయనకు గురువు. బొగ్గులోని వేడిలో పదోవంతుకు మించి ఆవిరియంత్రం పనిగా మార్చజాలదని, తక్కినదంతా వృథా అని గురువు బోధించాడు. ఆ మాట శిష్యుని హృదయంలో నాటుకొన్నది.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం విద్యార్థు లెరిగినదే. సిలిండరులో గాలిని ఎన్నో రెట్లు అదిమితే, అందులో చిమ్మిన చమురు నిప్పురవ్వ లేకుండానే మండుతుంది. ఈ సూత్రంపై ఆయన 1892లో పేటెంటు కోరాడు. మరుసటి ఏడు జరిపిన తొలి పరీక్షలో పీడనమాపకం పేలిపోయింది. అయినా ఆయన వెనుదీయలేదు. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించగా, నూటికి 26 పాళ్ల వేడి పనిగా మారినట్లు తేలింది.

తన యంత్రం చిన్న వృత్తికారులకు అండ కావాలని డీజిల్ ఆశించాడు. కాని అది మహాభారమైనది కావడంతో కర్మాగారాలకు, ఓడలకే తగినదయింది. అప్పులు, అనారోగ్యం ఆయనను క్రుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29న ఆంట్‌వెర్ప్‌లో ఇంగ్లండుకు పోయే ఓడ ఎక్కాడు. తెల్లవారేసరికి గదిలో లేడు. కొన్నాళ్లకు సముద్రంలో కనిపించిన శవంపై దొరికిన వస్తువులను కుమారుడు గుర్తించాడు. ఆ మరణానికి కారణం నేటికీ తేలలేదు.

డీజిల్ యంత్రంలోనూ కొంత వేడి పొగతో కలిసి వెలికి పోతూనే ఉండేది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి దానిని పనిలో పెట్టదలచి 1905లోనే పేటెంటు పొందాడు. పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న మరో చక్రం గాలిని అదిమి సిలిండరులోకి నెడుతుంది. గాలి పెరిగితే మరింత చమురు మండుతుంది. యంత్రం పరిమాణం పెరగకుండానే బలం హెచ్చుతుంది. ఇదే టర్బో. 1925 నాటికి బూచి కృషి ఫలించింది.

1989లో అమెరికాలో డాడ్జ్ పికప్ ట్రక్కులకు కమిన్స్ సంస్థవారి 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజను అమరింది. రైతులు, చిన్న పనివారు అట్టి బండ్లనే నడుపుకొన్నారు. డీజిల్ కోరిన చోటికే ఆయన యంత్రం చేరుకొన్నది. చూడడానికి ఆయన మాత్రం లేడు.