అక్షరాలు చేసిన కంసాలి

మా తెలుగు తరగతిలో ఏటా ఒక తమాషా జరుగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఇంట్లో అమ్మతో, ఫోన్లో తాతయ్యతో గలగలా తెలుగు మాట్లాడతారు. పుస్తకం చేతికిస్తే మాత్రం నోరు మెదపరు. వాళ్ల తప్పేమీ లేదు. మూడేళ్లకో ఊరు మారుతుంటే ఒక చోట బోర్డుల మీద ఒడియా ఉంటుంది, ఇంకో చోట గుజరాతీ ఉంటుంది. సొంత భాష నోట్లో మిగులుతుంది గాని కంటికి అలవాటు కాదు. అలాంటి పిల్లలకు మేం సెక్వోయా కథ చెబుతాం. ఆయనకు ఏ భాషలోనూ చదవడం రాదు. ఆయన సొంత భాషకైతే అసలు లిపే లేదు.

సెక్వోయా 1770 ప్రాంతంలో పుట్టారు. ఊరు టస్కీగీ. ఇప్పటి అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో లిటిల్ టెనసీ నది ఒడ్డున ఉండేది. తల్లి చెరోకీ జాతి స్త్రీ. తండ్రి తెల్లవాడని చెబుతారు. ఆ తండ్రి నీడ కూడా ఆయన జీవితంలో కనిపించదు. చెరోకీల్లో బిడ్డ తల్లి వంశానికే చెందుతాడు కాబట్టి అది పెద్ద లోటు కాలేదు. తల్లి దగ్గరే పెరిగారు, చెరోకీ మాటే మాట్లాడారు. ఇంగ్లీషు ఎప్పుడూ నేర్చుకోలేదు. ఒక కాలు అవుడు. చిన్నప్పటి జబ్బు వల్లనని కొందరు, తర్వాత తగిలిన గాయం వల్లనని కొందరు అంటారు.

1776 అనగానే మన పుస్తకాల్లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన గుర్తొస్తుంది. అదే ఏడు చెరోకీలకూ, సరిహద్దు దాటి వచ్చి స్థిరపడుతున్న తెల్లవాళ్లకూ పోరు జరిగింది. తెల్లవాళ్ల సేనలు చెరోకీ ఊళ్లను తగలబెట్టాయి, పంటలను నాశనం చేశాయి. ఆరేళ్ల పిల్లవాడికి ఆ ఏడాది ఎలా గుర్తుండి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. 1783లో ఇంగ్లండు ఓటమి ఒప్పుకుని సంధి రాసుకున్నప్పుడు మిసిసిపీ నది దాకా ఉన్న నేలను కొత్త దేశానికి ఇచ్చేసింది. ఆ నేల మీద నివసిస్తున్న జాతులను ఎవరూ అడగలేదు. 1803లో ఫ్రాన్సు దగ్గర లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు కొనడంతో దేశం ఇంచుమించు రెట్టింపైంది. అప్పటి నుంచి తూర్పున ఉన్న ఆదివాసులను నదికి పడమటి వైపు పంపేయవచ్చన్న ఆలోచన ప్రభుత్వంలో బలపడింది. పటంలో చూస్తే గీత జరిగినట్టే ఉంటుంది. గీత జరిగిన ప్రతిసారీ కొన్ని వేల పొయ్యిలు ఆరిపోయాయి.

సెక్వోయా వృత్తి వెండిపని. మన మాటలో చెప్పాలంటే కంసాలి. గుర్రపు సామగ్రికి వెండి నగిషీలు, చెవిపోగులు, బిళ్లలు చేసేవారు, కమ్మరం కూడా పట్టుబడింది. తను చేసిన వస్తువు మీద పేరు వేసుకోవాలని ఆయనకు కోరిక పుట్టిందనీ, ఇంగ్లీషు వచ్చిన ఒక చెరోకీ పెద్దాయన ఆ పేరు ఎలా రాయాలో గీసి చూపించారనీ చెబుతారు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడగలుగుతున్నారు. చాలామంది చెరోకీలు దాన్ని మంత్రవిద్యగా చూసేవారు, లేదా దేవుడు తెల్లవాళ్లకే ఇచ్చిన వరమనుకునేవారు. సెక్వోయాకు అది మనిషి చేతిపనిగానే కనిపించింది. కంసాలికి అలా తోచడంలో వింత లేదు. 1809 ప్రాంతంలో పని మొదలుపెట్టారంటారు.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1813లో క్రీక్ జాతిలో ఒక వర్గం అమెరికా మీద తిరగబడితే చెరోకీలు అమెరికా పక్షాన నిలిచారు. కుంటికాలితోనే సెక్వోయా ఆ సైన్యంలో చేరారు. సేనాపతి ఆండ్రూ జాక్సన్. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ అనే నది మెలిక దగ్గర చివరి పోరు జరిగింది. చెరోకీ యోధులు నది ఈదుకుంటూ అవతలికి వెళ్లి క్రీకుల పడవలు ఎత్తుకొచ్చి, వాటిలోనే వెనక నుంచి దాడి చేశారు. జాక్సన్ గెలుపులో వాళ్ల వాటా చిన్నది కాదు. ఆ తర్వాత జరిగిన సంధిలో క్రీకుల చేత 2 కోట్ల ఎకరాలకు పైగా నేల రాయించుకున్నారు. జాక్సన్ పక్షాన పోరాడిన క్రీకుల నేల కూడా అందులో పోయింది. చెరోకీలు అది చూశారు. తమ వంతు వస్తుందని అప్పుడు ఎందరు అనుకున్నారో! ఈ జాక్సన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

యుద్ధం ముగిశాక సెక్వోయా పూర్తిగా గీతల్లో మునిగిపోయారు. మొదట మాటకొక గుర్తు పెట్టుకుంటూ పోయారు. చెట్టుకొకటి, గుర్రానికొకటి, నడకకొకటి. గుర్తులు వందలు దాటాయి. అన్నీ గుర్తుంచుకోవడం ఆయన వల్లే కాలేదు, ఇక ఊళ్లోవాళ్ల మాట చెప్పాలా? పొలం బీడుపడింది. స్నేహితులు నవ్వారు, తర్వాత భయపడ్డారు. చేతబడి చేస్తున్నాడన్న మాట కూడా వచ్చింది. ఆ గుర్తులున్న చెక్కపేళ్లను భార్యే పొయ్యిలో పెట్టిందని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, పొలం ఎండిపోతుంటే గుడిసెలో కూర్చుని బెరడు మీద గీతలు గీసే భర్తతో కాపురం చేసిన ఆవిడను మేం తప్పుపట్టలేం.

అప్పుడు ఆయన మాటలను వదిలేసి చప్పుళ్లను వినడం మొదలుపెట్టారు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఏ తునకలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో చెవి పెట్టి పట్టుకున్నారు. వేల మాటలున్న భాష కొన్ని పదుల తునకలతోనే తయారవుతోందని తెలిసింది. ఒక్కో తునక ఒక హల్లూ అచ్చూ కలిసిన పలుకు, మన ‘కి’, ‘లో’, ‘ను’ లాంటిది. మొత్తం 86 గుర్తులు చేశారు, వాటిలో ఒకటి తర్వాత వాడుక తప్పి 85 మిగిలాయి. అచ్చులు 6. ఒంటరిగా నిలబడే హల్లు ‘స్’ ఒక్కటే.

తెలుగు చదివే మనకు ఇక్కడ ఒక సరదా విషయం ఉంది. మన గుణింతంలో క, కి, కు చూస్తే ముగ్గురూ ఒకే ఇంటి పిల్లలని తెలిసిపోతుంది. సెక్వోయా లిపిలో ఆ పోలిక ఉండదు, ప్రతి పలుకుకూ వేరే బొమ్మ. తన చేతికి దొరికిన ఇంగ్లీషు పుస్తకంలోంచి కొన్ని ఆకారాలు తీసుకున్నారు గాని వాటి పలుకులు ఆయనకు తెలియవు, అక్కర్లేదు కూడా. అందుకే ఇంగ్లీషు డి ఆకారాన్ని చెరోకీలో ‘అ’ అని చదవాలి, ఆర్ ఆకారాన్ని ‘ఎ’ అని, హెచ్ ఆకారాన్ని ‘మి’ అని చదవాలి. మరో సంగతి. ఆ భాషలో ప, బ, ఫ లేవు. పెదవులు మూసి పలికేది ‘మ’ ఒక్కటే, అదీ అరుదు. మా తరగతిలో పిల్లలు ప, బ లేకుండా అయిదు నిమిషాలు తెలుగు మాట్లాడాలని పందెం వేసుకుని ఒక్క నిమిషం కూడా నిలవలేకపోయారు.

1821లో లిపి సిద్ధమైంది. నమ్మించడమెలా? ఆయన దగ్గర మొదట నేర్చుకున్నది కూతురు ఆయోక, ఆరేళ్ల పిల్ల. పెద్దల ముందు తండ్రిని ఒక చోట, కూతుర్ని వినపడనంత దూరంలో ఇంకో చోట నిలబెట్టారు. పెద్దలు చెప్పింది తండ్రి రాయడం, ఆ కాగితం తీసుకెళ్తే కూతురు చదివేయడం. అనుమానం తీరక మళ్లీ మళ్లీ చేయించారంటారు. చివరికి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత జరిగింది ఉపాధ్యాయులుగా మాకు కాస్త అసూయ కలిగించే విషయం. బడి లేదు, బెంచీ లేదు, పాఠ్యపుస్తకం లేదు. ఇళ్లలో, దారి పక్కన, చెట్ల కింద ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. భాష వచ్చినవాడికి కొద్ది వారాల్లోనే చదవడం పట్టుబడేది. అప్పటికే కొన్ని చెరోకీ కుటుంబాలు మిసిసిపీకి పడమట ఆర్కన్సాకు వెళ్లి స్థిరపడ్డాయి. సెక్వోయా అక్కడివాళ్లకూ లిపి నేర్పారు, వాళ్లు రాసిన ఉత్తరాలను తూర్పున ఉన్న బంధువులకు తెచ్చి ఇచ్చారు. విడిపోయిన అన్నదమ్ములు మధ్యలో మనిషి లేకుండా మాట్లాడుకోవడం అదే మొదలు. 1824లో చెరోకీ సభ ఆయనకు వెండి పతకం ఇవ్వాలని తీర్మానించింది. వెండిపని చేసేవాడికి వెండి పతకమే! అది ఆయన చేతికి చేరేసరికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

1828 ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక వెలువడింది. ఎలియాస్ బూడినాట్ సంపాదకుడు. కొంత చెరోకీ, కొంత ఇంగ్లీషు. లిపికి అచ్చు దిమ్మలు బోస్టన్‌లో పోత పోయించారు. అంతకు ముందు ఏడాదే చెరోకీలు రాజ్యాంగం రాసుకున్నారు. ఆదివాసులు నాగరికులైతే తమ నేల మీద ఉండనిస్తామన్న మాట మీద నమ్మకంతో అన్నీ చేశారు. పొలాలు దున్నారు, బడులు పెట్టారు, సభలు నడిపారు.

ఆ మాట నిలబడలేదు. 1829 నాటికి జార్జియా కొండల్లో బంగారం సంగతి బయటపడి జనం ఎగబడ్డారు. జాక్సన్ దేశాధ్యక్షుడయ్యాడు. 1830 మే నెలలో ఆదివాసులను పడమటికి తరలించే చట్టం వచ్చింది. 1832లో సుప్రీంకోర్టు చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. జార్జియా వాళ్ల పొలాలను లాటరీ వేసి పంచింది. 1835 డిసెంబరులో కొద్దిమంది చెరోకీలు, వాళ్లలో బూడినాట్ కూడా ఒకరు, 50 లక్షల డాలర్లకు నేలంతా ఇచ్చేస్తూ సంధి మీద సంతకాలు చేశారు. 15 వేలకు పైగా పేర్లతో అభ్యంతరం తెలిపినా లాభం లేకపోయింది.

ఇక్కడ సెక్వోయా గురించి ఒక మాట చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు. 1828లో ఆర్కన్సా చెరోకీల తరఫున వాషింగ్టన్ వెళ్లిన ప్రతినిధుల్లో ఆయనా ఉన్నారు. నేల ఇచ్చేసే అధికారం వాళ్లకు లేదు. అయినా ఆర్కన్సా నేల వదులుకుని ఇంకా పడమటికి వెళ్లడానికి ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందంలోనే సెక్వోయా లిపికి ప్రతిఫలంగా 500 డాలర్లు అని రాసి ఉంది. తిరిగొచ్చాక సొంతవాళ్లే వాళ్ల మీద మండిపడ్డారు. ఆయన డబ్బుకోసం చేశారని మేం అనుకోం. ఇంగ్లీషు కాగితం చదవలేని మనిషి, వద్దన్నా లాక్కుంటారని తెలిసిన మనిషి. అయినా సంతకం సంతకమే. పుస్తకాల్లో కనిపించే ఆయన బొమ్మ, తలపాగా చుట్టి, నోట్లో పైపుతో, చేతిలో అక్షరాల పలక పట్టుకున్నది, ఆ ప్రయాణంలో గీసిన చిత్రం నుంచి వచ్చిందే.

1829లో ఇప్పటి ఓక్లహోమాలోని సాలిసా దగ్గర ఆయన దుంగలతో ఇల్లు కట్టుకున్నారు. అది ఈనాటికీ ఉంది. కాబట్టి 1838లో తూర్పు చెరోకీలకు జరిగినదాన్ని ఆయన అవతలి ఒడ్డు నుంచి చూశారు. సైనికులు ఇళ్లకు వెళ్లి ఉన్నవాళ్లను ఉన్నట్టు బయటకు నడిపించి, కర్రల కోటల్లో నిర్బంధించారు. తర్వాత చలికాలంలో వందల మైళ్లు తరలించారు. నదుల్లో మంచుగడ్డలు అడ్డుపడి కొన్ని గుంపులు ఒడ్డునే వారాల తరబడి ఆగిపోయాయి. మొత్తం తరలించినవాళ్లు దాదాపు 16 వేలు, వాళ్లలో చనిపోయినవాళ్లు దాదాపు 4 వేలని అంచనా. బదిలీ అంటే మనకూ తెలుసు. కానీ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మన ఇళ్లకు ముందు ఆర్డరు వస్తుంది, సామాన్లకు లారీ వస్తుంది, అవతల క్వార్టర్సు ఉంటుంది. వాళ్లకు వండుకున్న అన్నం తినే వ్యవధి కూడా దొరకలేదు.

పడమట కొత్త గొడవ. ముందు వచ్చినవాళ్లకూ, తర్వాత వచ్చినవాళ్లకూ అధికారం విషయంలో పడలేదు. 1839 జూన్ 22న బూడినాట్‌ను, సంధి చేసిన మరో ఇద్దరు పెద్దలను సొంతవాళ్లే చంపేశారు. అప్పటికి డెబ్భయ్యో పడికి దగ్గరవుతున్న సెక్వోయా రెండు పక్షాలనూ కూర్చోబెట్టడానికి పాటుపడ్డారు. జూలైలో రెండు చెరోకీ సమాజాలు ఒకటయ్యే పత్రం మీద పడమటివాళ్ల తరఫున ఆయన సంతకం ఉంది.

1842లో, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, కొడుకునూ మరికొందరినీ వెంటబెట్టుకుని దక్షిణానికి బయలుదేరారు. ఎప్పుడో మెక్సికో వైపు వెళ్లిపోయిన చెరోకీ కుటుంబాలున్నాయని విన్నారు. వాళ్లను కలిసి తిరిగి రమ్మని అడగాలన్నది ఆయన తపన. దారిలో గుర్రాలు పోయాయి, ఆరోగ్యం పోయింది. 1843లో మెక్సికో నేల మీదే చనిపోయారు. సమాధి జాడ ఈనాటికీ తేలలేదు.

ఆ సంగతి ఇంటికి వెంటనే చేరలేదు. అదే ఏడాది చివర చెరోకీ సభ ఆయనకు ఏటా 300 డాలర్ల భత్యం మంజూరు చేసింది. ఆయన లేకపోతే భార్య శాలీకి ఇవ్వాలని అందులో ఉంది. రెండేళ్లకు, 1845లో, వెతకడానికి వెళ్లినవాళ్ల ద్వారా చావు వార్త రూఢి అయ్యింది. డబ్బు శాలీకే వెళ్లింది.