టైటిల్ బ్లాక్ లేని డ్రాయింగులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. వాళ్లు వదల్లేదు. సరే, ముప్ఫై ఏళ్లుగా గీతలు గీసీ గీయించీ జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి, జీవితమంతా గీతలే గీసిన ఒక మనిషి గురించి రాస్తానన్నాను. మన బడికీ ఆమెకీ ఏం సంబంధం అనుకోకండి. అక్కడికీ వస్తాను.

ఆమె పేరు నస్రీన్ మొహమ్మదీ. 1937లో పుట్టి 1990లో పోయారు. మన దేశపు నైరూప్య చిత్రకళలో ఈరోజు ఆమెది చాలా పెద్ద పేరు. బతికి ఉన్న రోజుల్లో మాత్రం ఆ పేరు తోటి చిత్రకారులకూ, శిష్యులకూ, కొద్దిమంది విమర్శకులకూ దాటి పెద్దగా బయటికి రాలేదు.

నాకైతే 2013 వరకు ఆమె ఎవరో తెలియదు. ఆ ఏడాది ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లాను. మీటింగు మధ్యాహ్నానికే ముగిసింది. తిరుగు ప్రయాణం రాత్రికి. సాకేత్‌లో ఒక షాపింగ్ మాల్ లోపలే అప్పట్లో కిరణ్ నాడార్ మ్యూజియం ఉండేది. ఏసీ ఉంది, టికెట్టు లేదు. నేను లోపలికి వెళ్లడానికి కారణం ఇంతకు మించి ఏమీ లేదని ఒప్పుకుంటున్నాను. లోపల ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన నడుస్తోంది. దాన్ని ఏర్పాటు చేసిన రూబీనా కరోడే గారు ఒకప్పుడు బరోడాలో ఆమె శిష్యురాలట.

గోడల నిండా కాగితాలు. రంగులు లేవు, మనుషులు లేరు, చెట్టూ పుట్టా లేవు. నల్ల ఇంకుతో, పెన్సిలుతో గీసిన సన్నటి సరళరేఖలు, వందల కొద్దీ. ఇవి బొమ్మలేమిటి, డ్రాయింగులు కదా అనిపించింది. దగ్గరికి వెళ్లి, అలవాటు చొప్పున, ముందు కింద కుడి మూల చూశాను. ఇంజనీర్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఏ డ్రాయింగు చేతికొచ్చినా ముందు టైటిల్ బ్లాక్ చూస్తాం. పేరేమిటి, స్కేలెంత, తేదీ ఏది, గీసిందెవరు, సరిచూసిందెవరు. అక్కడ ఏమీ లేదు. పక్కన అతికించిన చీటీ మీద పేరు లేదు అని ఉంది, కాలం కూడా సుమారుగానే వేశారు. ఆమె తన పరిణత చిత్రాలకు పేర్లు పెట్టలేదు, చాలావాటికి తేదీలూ వేయలేదు. మా ఆఫీసులో అయితే అలాంటి షీటు తీసుకున్న నిమిషానికే వెనక్కి వచ్చేస్తుంది.

వెనక్కి పంపకుండా చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే ఆ గీత గీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆటోకాడ్ రాకముందు నేను డిజైన్ ఆఫీసులో మూడేళ్లు రోట్రింగ్ పెన్నులతో పనిచేశాను. పెన్ను నిటారుగా ఉండాలి. చేయి ఒకే వేగంతో కదలాలి. మొదలుపెట్టే చోట అర సెకను ఎక్కువ ఆగితే ఇంకు ముద్ద కడుతుంది. స్కేలు అంచు కాగితానికి మరీ ఆనితే తడి ఇంకు దాని కిందికి పాకుతుంది. ట్రేసింగ్ షీటు మీదైతే తప్పును బ్లేడుతో గీకి బతికిపోవచ్చు, మామూలు కాగితం గీకితే నూగు లేస్తుంది, ఆ పైన గీసిన ఇంకు విచ్చుకుంటుంది. కాబట్టి రెండొందల గీతల షీటులో నూట తొంభయ్యో గీత చెడితే, అంతకుముందు గీసినవన్నీ చెత్తబుట్టలోకే.

మేం అలా గీసిన గీత మరొకదానికి గుర్తు మాత్రమే. అది ఒక దూలం, ఒక గోడ, ఒక ఇనుప చువ్వ. కట్టడం లేచాక ఆ గీతతో పని తీరిపోయేది. నస్రీన్ గారు అవే పరికరాలు, అదే డ్రాయింగు బల్ల, అదే సహనంతో గీసినది మరి దేనికీ గుర్తు కాదు. పక్కపక్క గీతల మధ్య ఎడం కొద్ది కొద్దిగా తగ్గిస్తూ పోతారు. ఒక గీత చిక్కగా, పక్కది పలచగా ఉంటుంది, ఇంకొకటి మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే చదునైన కాగితం ఒక పక్కకు ఒరిగినట్టు, లోపల్నించి వెలుగు వస్తున్నట్టు ఉంటుంది. 1980ల నాటి చిత్రాల్లో ఏటవాలు గీతలతో అల్లిన తలాలు ఖాళీ కాగితం మధ్యలో తేలుతుంటాయి. కింద స్తంభం లేదు, పక్కన ఆసరా లేదు. లోడు ఎక్కడికి దిగుతోందని వెతకడమే నా వృత్తి. అక్కడ నిలబడి చాలాసేపు వెతికాను.

ఇక ఆమె కథ. కరాచీలో, త్యాబ్జీల బంధువర్గానికి చెందిన కలిగిన ఇంట్లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. 1944లో కుటుంబం బొంబాయి వచ్చింది. తండ్రికి బహ్రెయిన్‌లో వ్యాపారాలుండేవి, వాటిలో ఫొటో పరికరాల దుకాణం ఒకటి. పదిహేడేళ్లకు లండన్ వెళ్లి సెయింట్ మార్టిన్స్ స్కూల్లో 1954 నుంచి 1957 వరకు చిత్రకళ చదివారు. తరువాత కొంతకాలం బహ్రెయిన్‌లో ఉన్నారు. ఎడారి, సముద్రం, ఆకాశం తప్ప మరేమీ లేని ఆ దృశ్యం ఆమె మీద గట్టి ముద్ర వేసిందని ఆమె గురించి రాసినవాళ్లందరూ అంటారు. బొమ్మలు చూసిన ఎవరికైనా అది నమ్మబుద్ధేస్తుంది.

బొంబాయి తిరిగొచ్చాక భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసుకోవడానికి చోటు దొరికింది. హుస్సేన్, తయ్యబ్ మెహతా, గాయ్‌తోండే లాంటివాళ్లు మసలిన చోటు అది. వీళ్లలో గాయ్‌తోండే ప్రభావం ఆమె మీద ఎక్కువ. 1961లో బొంబాయిలో తొలి ప్రదర్శన జరిగింది. ఆ వెంటనే ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్‌లో రెండేళ్లున్నారు. ఆ దశకంలో వేసిన చిత్రాల్లో ఇంకా ప్రకృతి కనిపిస్తుంది. తడి ఇంకులో చెట్టుకొమ్మ లాంటిదీ, నీటి అంచు లాంటిదీ ఏదో ఒకటి పోల్చుకోవచ్చు. ఆ తరువాత ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చారు. ముందు రంగు పోయింది, తరువాత కుంచె, తరువాత వంపు. 1970ల మొదట్లో మిగిలినవి నిలువు అడ్డం గీతలూ వాటి గళ్లూ.

1970లో ఢిల్లీకి మారారు. 1972లో బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయపు లలితకళా విభాగంలో అధ్యాపకురాలిగా చేరి, పదిహేనేళ్లకు పైగా పాఠాలు చెప్పారు. మన లక్ష్మాగౌడ్ గారు చదువుకున్నది కూడా అక్కడే, ఆమె రావడానికి కొన్నేళ్ల ముందు.

ఇంత పనిచేసిన మనిషిని లోకం ఎందుకు పక్కన పెట్టింది? ఎవరి కుట్రా లేదు. ఆ కాలంలో బరోడా గాలి వేరు. భూపేన్ ఖక్కర్, గులాం మొహమ్మద్ షేక్ లాంటివాళ్లు మనుషుల కథలను, వీధులను, ఇళ్లను మళ్లీ బొమ్మల్లోకి తెస్తున్నారు. 1981లో ప్లేస్ ఫర్ పీపుల్ పేరుతో వాళ్లు పెట్టిన ప్రదర్శన మన కళాచరిత్రలో ఒక మలుపు. చర్చంతా అటే నడిచింది. నైరూప్యం ఇష్టపడేవాళ్లేమో పెద్ద కాన్వాసులు, తైలవర్ణాలు కోరుకున్నారు. రంగు లేని, పేరు లేని కాగితాన్ని డబ్బిచ్చి కొని గోడకు తగిలించుకునేవాళ్లు అరుదు. ఆమె కూడా ఎవరి వెంటా పడలేదు. అదే బల్ల దగ్గర అదే పని చేసుకుంటూ పోయారు. డైరీలు రాసేవారు, వాటి పేజీల్లో కూడా రాసినదాని మీద నల్లటి పట్టీలు గీసి డిజైనుగా మార్చేసినవి కనిపిస్తాయి.

ఫొటోలు కూడా తీసేవారు, కానీ బతికుండగా ఒక్కటీ ప్రదర్శనకు పెట్టలేదు. ఫతేపూర్ సిక్రీ రాతి అంచులు, రోడ్డు మీది గీతలు, సముద్రపు ఒడ్డు. వాటి మధ్యలో ఒక నలుపు తెలుపు ఫొటో దగ్గర నేను ఆగిపోయాను. మగ్గం మీది పడుగు. బిగుతుగా లాగిన పోగులు దగ్గర దగ్గరగా సాగి, దూరంలో ఒకటైపోతున్నాయి.

మన ఊరివాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. మా చేనేత వీధి పిల్లలం మొదటి గంటకు బడికి రాలేకపోయేవాళ్లం. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ ఉండాలి. హెడ్మాస్టరు గారికి అది తెలుసు, ఏమీ అనేవారు కాదు. ఆ పడుగు చివర కూర్చుని కన్ను నేలకు దించి చూస్తే ఎలా ఉంటుందో, ఢిల్లీ గోడ మీది ఆ డ్రాయింగులు అలా ఉన్నాయి. పదేళ్ల వయసులో రోజూ చూసినదాన్ని నలభైల్లో కొత్తగా చూస్తున్నాను.

మన డ్రాయింగు మాస్టారు గారు కూడా అప్పుడే గుర్తొచ్చారు. గీత గీసేటప్పుడు పెన్సిలు మొన వైపు కాకుండా, గీత చేరాల్సిన చోటు వైపు చూడమనేవారు. నా ఉద్యోగంలో మొదటి మూడేళ్లూ నన్ను నిలబెట్టింది ఆ ఒక్క ముక్క. పదో తరగతికొచ్చేసరికి ఆయన పీరియడు లెక్కలకు వెళ్లిపోయింది. పబ్లిక్ పరీక్షలో దానికి మార్కులు లేవు కదా, మేమూ సంతోషించాం. ఆయన ఆ గంటసేపు వరండాలో ఒక్కరే కూర్చునేవారు.

ప్రదర్శనలో చివరి గదికి వచ్చాక తెలిసింది, ఆమెకు నరాల జబ్బు ఉండేదని. పార్కిన్సన్స్ లాంటిది. చేతులూ కాళ్లూ మెల్లమెల్లగా మాట వినకుండా పోయాయి. జబ్బు ముదురుతున్న ఏళ్లలోనే చిత్రాలు ఇంకా సన్నబడ్డాయి, ఇంకా కచ్చితమయ్యాయి. మళ్లీ మొదటి గదికి వెళ్లి అన్నీ రెండోసారి చూశాను. ఎక్కడైనా చేయి ఒణికిందేమోనని ఒక ఇంజనీరు తప్పు వెతికినట్టే వెతికాను. నా కంటికి దొరకలేదు.

అప్పటికి మా నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లు. వణుకు మొదలవగానే ఇంట్లో మగ్గం తీయించేసింది నేనే. ఈ వయసులో ఇంకెందుకు, చోటు దండగ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఢిల్లీ నుంచి వచ్చాక, ఆ ఆదివారం, ఒక చిలప నూలు కొని ఆయన చేతికిచ్చాను. ఎందుకని అడగలేదు. టీ గ్లాసు నిలవని చేయి పోగు పట్టుకునేసరికి కొంచెం నెమ్మదించింది. ఈ జబ్బులో ఊరికే ఉన్న చేతికే వణుకెక్కువని డాక్టరు తరువాత చెప్పారు. అయితే వేళ్లు బిగుసుకుపోయాయి, ఒకప్పుడు చిటికెలో అతికే పోగుకు ఇప్పుడు చాలాసేపు పట్టేది. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని రోజూ అతికేవారు. అతికినదాన్ని రెండువైపులా లాగి చూసి, నిలిస్తే పక్కన పెట్టేవారు. మగ్గం తిరిగి తేలేకపోయాను. అప్పటికే అమ్మేశాం.

నస్రీన్ గారు 1990లో, బొంబాయికి దక్షిణాన అలీబాగ్ దగ్గరి కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో కన్నుమూశారు. యాభై మూడేళ్లు. ఆ తరువాత మెల్లగా కదలిక వచ్చింది. 2007లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా ప్రదర్శనకు ఆమె చిత్రాలు వెళ్లాయి. ఢిల్లీ ప్రదర్శన తరువాత లివర్‌పూల్, మాడ్రిడ్. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారు మెట్ బ్రాయర్ అని కొత్త శాఖ తెరిచినప్పుడు, తలుపులు తీసిన రోజు పెట్టిన ప్రదర్శనల్లో ఒకటి ఆమెది. అమెరికాలో ఉన్న మన బ్యాచ్ మిత్రుడొకడు నా పోరు పడలేక వెళ్లి చూసి వచ్చాడు. నోట్‌బుక్కు కాగితాల్లా ఉన్నాయని మెసేజ్ పెట్టాడు. వారం తరువాత, ఈసారి వాళ్లమ్మాయిని తీసుకుని మళ్లీ వెళ్లానని ఇంకో మెసేజ్ పెట్టాడు. అగ్నెస్ మార్టిన్ అనే అమెరికన్ చిత్రకారిణితో ఆమెను పోలుస్తారు. గీతలూ గళ్లూ ఇద్దరివీ నిజమే గానీ, మార్టిన్ గీతలో చేతి ఒణుకు తెలుస్తూ ఉంటుంది. ఈమె దాన్ని రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో నాకిప్పుడు కాస్త అర్థమవుతుందనుకుంటాను.

చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. కిరణ్ నాడార్ మ్యూజియం వారి సేకరణలో ఆమె చిత్రాలున్నాయి. ఢిల్లీ వెళ్లేవాళ్లు అప్పుడు గోడ మీద ఉన్నాయో లేదో ముందుగా కనుక్కుని వెళ్లండి. ఫోన్‌లో చూసి సరిపెట్టుకోవద్దు, అంత సన్నటి గీతలు తెర మీద కలిసిపోయి బూడిదరంగు మరక మిగులుతుంది. దగ్గరి చూపు కళ్లజోడు మరిచిపోకండి, మనందరికీ ఆ వయసు వచ్చింది. కింద కుడి మూల మాత్రం వెతక్కండి.