సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. అభిమానులు ఈయనను రహీమ్ సాబ్ అని పిలిచేవారు. 1950 నుండి మరణించే వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, దాదాపు అదే కాలంలో పలు ప్రధాన పోటీలలో భారత జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఈయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఒకే ఆటలో పది గోల్స్ సమర్పించుకున్న రక్షణ పంక్తిని పది సంవత్సరాలలో ఆసియాలో మేటిగా తీర్చిదిద్దడం ఈయన కృషిలో ముఖ్యమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

రహీమ్ 1909లో హైదరాబాదులో జన్మించాడు. అప్పుడు హైదరాబాదు నిజాము పాలనలోని సంస్థానానికి రాజధాని. ఆర్మూరు ఉన్న నిజామాబాదుతో సహా నేటి తెలంగాణ జిల్లాలు, మరాఠ్వాడా ప్రాంతం, కొన్ని కన్నడ జిల్లాలు ఆ సంస్థానంలో భాగంగా ఉండేవి. రహీమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రుడైనాడు. విద్యార్థిగా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. తరువాత స్థానిక లీగ్ పోటీలలో కూడా పాల్గొన్నాడు.

చదువు పూర్తయిన తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైన చోట్ల పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో క్రీడల బాధ్యత చేపట్టాడు. ఉపాధ్యాయుడిగా పొందిన అనుభవం తరువాతి కాలంలో ఆయన శిక్షణ పద్ధతులలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆటను చిన్న చిన్న పాఠాలుగా విడదీసి, ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క అభ్యాసాన్ని రూపొందించడం ఆయన విధానం.

హైదరాబాదు ఫుట్‌బాల్‌లో

1940లలో రహీమ్ హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించాడు. అప్పటివరకు దేశంలో ఫుట్‌బాల్‌కు కలకత్తా కేంద్రంగా ఉండేది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలిచి ఆ స్థితిని మార్చింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957 సంవత్సరాలలోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారిన తరువాత 1961లోను గెలుచుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వరుసగా రెండు సార్లు సాధించింది.

యువ ఆటగాళ్ళ కోసం రహీమ్ కొన్ని ప్రత్యేకమైన పోటీలు నిర్వహించేవాడు. ఒక రకం పోటీలో బంతిని డ్రిబ్లింగ్ చేయడం నిషేధం. బంతి అందిన ఆటగాడు దానిని వెంటనే మరొకరికి పాస్ చేయాలి. మరొక రకం పోటీలో ఆటగాళ్ళు తమకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. వీటివలన ఆటగాళ్ళకు రెండు కాళ్ళూ సమానంగా అలవడ్డాయి. బంతి తమ వద్ద లేనప్పుడు ఎక్కడ నిలబడాలో తెలిసివచ్చింది. వేగంగా పాస్ చేయడం నేర్చిన ఆటగాడికి ఎదుటి జట్టు పాస్ ఎటు వెళ్ళబోతున్నదో ఊహించడం కూడా తెలుస్తుంది. కనుక ఈ పోటీలు దాడికి ఎంత ఉపయోగపడ్డాయో రక్షణకు కూడా అంతే ఉపయోగపడ్డాయి.

1951 ఆసియా క్రీడలు

మొదటి ఆసియా క్రీడలు 1951లో ఢిల్లీలో జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఇండొనేషియాపై 3-0, ఆఫ్ఘనిస్తాన్‌పై 3-0 తేడాతో గెలిచింది. మార్చి 10న జరిగిన ఫైనల్‌లో సాహు మేవాలాల్ చేసిన గోల్‌తో ఇరాన్‌పై 1-0 తేడాతో నెగ్గి స్వర్ణ పతకం పొందింది. ఈ పోటీలలో భారత జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అయితే ఐరోపా జట్ల ముందు ఈ రక్షణ ఎంతవరకు నిలుస్తుందో తరువాతి సంవత్సరమే తేలిపోయింది.

హెల్సింకి పరాజయం

1952 జూలై 15న హెల్సింకి ఒలింపిక్ క్రీడల ప్రాథమిక రౌండులో భారత జట్టు యుగొస్లావియాతో ఆడి 10-1 తేడాతో ఓడిపోయింది. విరామ సమయానికే 5 గోల్స్ వెనుకబడింది. యుగొస్లావియా ఆటగాడు బ్రాంకో జెబెక్ ఒక్కడే 4 గోల్స్ చేశాడు. భారతదేశం తరపున అహ్మద్ ఖాన్ చివరి నిమిషాలలో ఒక గోల్ చేశాడు. యుగొస్లావియా ఆ క్రీడలలో రజత పతకం సాధించిన బలమైన జట్టు. అయినప్పటికీ ఇంత పెద్ద తేడా దేశంలో తీవ్ర నిరాశ కలిగించింది.

భారత ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడడం ఓటమికి కారణంగా చెప్పబడింది. దీని తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. కాని అంతకంటే లోతైన కారణం ఆటగాళ్ళ అమరికలో ఉంది.

అప్పటి భారత ఫుట్‌బాల్‌లో ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండే పాత పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉండేది. 1925లో ఆఫ్‌సైడ్ నియమం సడలించబడడంతో ఫార్వర్డ్‌లకు గోల్ సమీపంలో ఎక్కువ అవకాశం దొరికింది. దానికి విరుగుడుగా ఇంగ్లాండులో ఆర్సెనల్ క్లబ్బు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ మధ్య హాఫ్ బ్యాక్‌ను వెనుకకు తెచ్చి మూడవ బ్యాక్‌గా నిలిపాడు. ఐరోపాలో ఈ పద్ధతి త్వరగా వ్యాపించింది. ఇద్దరే బ్యాక్‌లు ఉన్న జట్టుపై ముగ్గురు ఫార్వర్డ్‌లు పాస్‌లు ఇచ్చుకుంటూ వస్తే, వారిలో ఒకరు ఎప్పుడూ కాపలా లేకుండా మిగిలిపోతారు. ఎంత చురుకైన బ్యాక్ అయినా ఈ లెక్కను ఒంటరిగా సరిచేయలేడు.

రక్షణ విధానంలో మార్పులు

1953లో హంగేరీ జట్టు లండనులో ఇంగ్లాండును 6-3 తేడాతో ఓడించింది. హంగేరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందు వరుసలో కాక వెనుకకు జరిగి ఆడడంతో ఇంగ్లాండు బ్యాక్‌లకు ఎవరిని కాపలా కాయాలో తెలియలేదు. ఇటువంటి మార్పులను రహీమ్ శ్రద్ధగా అధ్యయనం చేశాడు. హైదరాబాదు జట్లలోను, తరువాత భారత జట్టులోను మూడవ బ్యాక్‌ను, వెనుకకు జరిగి ఆడే ఫార్వర్డ్‌ను ప్రవేశపెట్టాడు. తరువాతి సంవత్సరాలలో నలుగురు బ్యాక్‌లు, ఇద్దరు హాఫ్ బ్యాక్‌లు, నలుగురు ఫార్వర్డ్‌లు గల 4-2-4 అమరికను కూడా ఉపయోగించాడు. బ్రెజిల్ జట్టు 1958 ప్రపంచ కప్ గెలవడంతో ఈ అమరిక ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో హంగేరీ తప్పుకొనడంతో భారత జట్టు నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ ఆటలో నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగొస్లావియాయే ఎదురైంది. విరామం వరకు భారత జట్టు గోల్ ఇవ్వలేదు. విరామం తరువాత డిసౌజా గోల్‌తో ముందంజ వేసింది కూడా. కాని ఆ తరువాత సుమారు పావుగంటలోనే యుగొస్లావియా 3 గోల్స్ చేసి చివరకు 4-1 తేడాతో గెలిచింది. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3 తేడాతో ఓడి భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇదే అత్యుత్తమ స్థానం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు మొదటి రౌండు దాటలేదు. అయినా హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడింది. ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకొంది. చివరి ఆటలో పెరూ చేతిలో 3-1 తేడాతో ఓడింది. హంగేరీ ఆ క్రీడలలో కాంస్య పతకం పొందింది. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఈ పోటీలలో 2 గోల్స్ చేశాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు

రహీమ్ చివరి విజయం జకార్తాలో లభించింది. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండును 4-1, జపానును 2-0 తేడాతో ఓడించింది. థాయిలాండుతో ఆడుతుండగా ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

సెమీఫైనల్‌కు ముందు రహీమ్ సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నాడు. జర్నైల్ సింగ్‌ను రక్షణ పంక్తి నుండి తప్పించి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపాడు. రక్షణ భారాన్ని అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్‌లకు అప్పగించాడు. జట్టులోని మేటి బ్యాక్‌ను ముందుకు పంపగలగడం, రక్షణ ఏ ఒక్క ఆటగాడి మీదా ఆధారపడని స్థితికి చేరిందనడానికి నిదర్శనం. దక్షిణ వియత్నాంపై 3-2 తేడాతో భారత జట్టు నెగ్గింది. జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశాడు.

సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతోనే ఫైనల్ జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి జి.డి.సోంధీ విమర్శించడం వలన స్థానిక ప్రేక్షకులు భారత జట్టు పట్ల ఆగ్రహంతో ఉన్నారు. ముందు రోజు భారత రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది. ఆ వాతావరణంలో 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. ఫైనల్‌లో గోల్‌కీపరుగా పొడగరి అయిన పీటర్ తంగరాజ్‌ను రహీమ్ ఎంచుకున్నాడు. మిగిలిన గంటకు పైగా సమయంలో కొరియా ఆట ముగియవచ్చినప్పుడు ఒక్క గోల్ మాత్రమే చేయగలిగింది. 2-1 తేడాతో భారతదేశం స్వర్ణ పతకం గెలిచింది.

భారత జట్టు ఇచ్చిన గోల్స్

* 1951 ఆసియా క్రీడలు: 3 ఆటలు, 0 గోల్స్
* 1952 ఒలింపిక్స్: 1 ఆట, 10 గోల్స్
* 1956 ఒలింపిక్స్: 3 ఆటలు, 9 గోల్స్
* 1960 ఒలింపిక్స్: 3 ఆటలు, 6 గోల్స్
* 1962 ఆసియా క్రీడలు: 5 ఆటలు, 6 గోల్స్

ఒలింపిక్స్‌లోను, ఆసియా క్రీడలలోను ప్రత్యర్థుల బలం ఒకటి కాదు కనుక రెంటినీ సూటిగా పోల్చడం తగదు. ఒలింపిక్ పోటీలను మాత్రమే తీసుకున్నా, సగటున ఆటకు 10 నుండి 3కు, 3 నుండి 2కు గోల్స్ తగ్గడం గమనించవచ్చు.

మరణం, వారసత్వం

జకార్తా విజయం తరువాత ఏడాది కూడా గడవకముందే, 1963 జూన్ 11న క్యాన్సర్ వ్యాధితో రహీమ్ మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. ఆయన తరువాత భారత జట్టు 1964 ఆసియా కప్‌లో రెండవ స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం సాధించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తరువాత మళ్ళీ స్వర్ణం లభించలేదు.

రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడు. తరువాత అంతర్జాతీయ రెఫరీగా పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది 2021లో మరణించాడు. రహీమ్ జీవితం ఆధారంగా నిర్మించిన మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైంది. ఇందులో రహీమ్ పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.